అప్పగింతల దగ్గరే ఆగిపోతోంది!

బీరువాలో దాచుకున్న పెళ్లి డీవీడీ ఎన్నాళ్లుంటుంది? మళ్లీ రాసుకోవాలంటే ఎలాంటి ఖాళీ డిస్కు కొనాలి?

పెళ్లిరోజు. రాత్రి భోజనాలయ్యాక ఎవరో ఒకరు అడుగుతారు... 'ఆ పెళ్లి వీడియో పెట్టండి, పిల్లలు చూస్తారు' అని. బీరువా పై అరలోంచి డిస్కు దిగుతుంది. పట్టుచీరల మడతల మధ్య భద్రంగా దాచినదే. ఒక్క గీత పడలేదు, దుమ్ము పట్టలేదు. ప్లేయర్లో పెట్టగానే సన్నాయి మొదలవుతుంది. స్నాతకం, ఎదురుసన్నాహం, జీలకర్రా బెల్లం, తాళి, తలంబ్రాలు... అన్నీ సాఫీగా సాగిపోతాయి. ఇక అప్పగింతలు. కూతురి చేతిని అల్లుడి చేతిలో పెట్టబోతున్న తండ్రి ముఖం తెర మీదికి వస్తుంది. అంతే! బొమ్మ గళ్లుగళ్లుగా చీలిపోతుంది. సన్నాయి గీరుకుపోతుంది. ఆ తర్వాత తెర నల్లబడుతుంది.

ఆ తండ్రి ఇప్పుడు లేకపోతే? ఆయన కదులుతూ, మాట్లాడుతూ కనిపించే ఏకైక వీడియో అదే అయితే?

ఇంట్లో చర్చ మొదలవుతుంది. ఒకరు డిస్కును చొక్కా అంచుతో తుడుస్తారు. టూత్‌పేస్టు రాసి కడిగితే ఆడుతుందంటారు ఇంకొకరు. ప్లేయరు ముసలిదైపోయిందని మరొకరు. చాలాసార్లు అసలు కారణం వీటిలో ఏదీ కాదు. ఆ డిస్కును కొన్న రోజునే, రాసిన రోజునే తప్పు జరిగిపోయి ఉంటుంది. అది బయటపడటానికి పదిహేనేళ్లు పట్టిందంతే.

'రాసీసి ఒగ్గీడమే కదా!'

విజయనగరం నుంచి సాలూరు మీదుగా ఒడిశా వైపు పోయే రోడ్డు మీద ఉంటుంది గజపతినగరం. మండల కేంద్రం. చుట్టుపక్కల పల్లెల వాళ్లు బజారు పనికైనా, ఫొటోలకైనా వచ్చే ఊరు. 1990లలో ఇక్కడ కాస్త కలిగిన ఇంట్లో పెళ్లంటే వీహెచ్ఎస్ క్యాసెట్ ఉండాల్సిందే. తర్వాత వీసీడీలొచ్చాయి. 2000ల మధ్యకొచ్చేసరికి డీవీడీ రైటరున్న కంప్యూటర్లు చిన్న ఊళ్ల స్టూడియోలకు, ఆపైన ఇళ్లకూ చేరాయి. 'వీసీఆర్లు మూలపడుతున్నాయి. క్యాసెట్లకు బూజు పడుతోంది. డీవీడీలోకి ఎక్కించుకుంటే ఇక శాశ్వతం' అన్నారంతా. నిజమేననుకుని గుట్టలు గుట్టలుగా రాయించుకున్నారు.

ఆ రోజుల్లో ఏ ఎలక్ట్రానిక్స్ షాపు ముందు నిలబడినా ఇలాంటి మాటలే.

''బావూ, ఖాళీ డిస్కులున్నాయేటి?''

''ఏ కంపెనీది కావాలండీ?''

''ఏదైతే ఏటి? సవగ్గా ఉన్నదియ్యి. రాసీసి ఒగ్గీడమే కదా!''

రాసి వదిలేశారు. బారసాలలు, షష్టిపూర్తులు, కొత్తింటి గృహప్రవేశాలు, ఊరి పండగలో రాత్రంతా సాగిన పద్యనాటకం, గ్రామదేవత జాతరలో గజ్జెలు కట్టి ఆడిన తప్పెటగుళ్లు, దసరా తర్వాతి మంగళవారం విజయనగరం వెళ్లి పైడితల్లమ్మ సిరిమాను చూస్తూ హ్యాండీక్యామ్‌తో తీసుకున్నవి... అన్నీ ఆ డిస్కుల్లోకే వెళ్లాయి. విశాఖలో, హైదరాబాదులో, గల్ఫులో ఉన్న పిల్లలకు ఒక కాపీ కొరియర్లో వెళ్లింది. డీవీడీ వచ్చేసింది కదా అని చాలా ఇళ్లలో పాత క్యాసెట్‌ను పారేశారు. పోగొట్టుకోవడానికి అసలు కారణం ఇదే. తప్పెటగుళ్ల బృందంలో ఆనాడు గొంతెత్తి కథ పాడిన పెద్దాయన ఇవాళ లేకపోవచ్చు. ఆయన గొంతు మిగిలి ఉంటే, ఏదో ఒక ఇంట్లో పది రూపాయల డిస్కు మీదే మిగిలి ఉంటుంది.

పాత డిస్కుల సంగతి సరే, ఇప్పుడు కొత్తగా డిస్కులు రాసేవాళ్లున్నారా అంటే... ఉన్నారు. ఇంట్లో పాత రైటర్ పనిచేస్తున్నవాళ్లు, యూఎస్‌బీ రైటర్ కొనుక్కున్నవాళ్లు, ఫోన్‌లో నిండిపోయిన ఫొటోలకు రెండో చోటు వెతుక్కునేవాళ్లు. డిస్కుకు దాని సుగుణాలు దానికున్నాయి. ఒకసారి రాసిన దాన్ని వైరస్ చెరపలేదు, పిల్లలు పొరపాటున డిలీట్ చేయలేరు, కరెంటు హెచ్చుతగ్గులకు కాలిపోదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడినప్పుడు ఉత్తరాంధ్ర ఇళ్లలో తడవని వస్తువు లేదు. వాననీటిలో తడిసిన హార్డ్‌డిస్కు మళ్లీ తిరగడం కష్టం. డిస్కునైతే మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెడితే చాలావరకు ఆడుతుంది. కాబట్టి డిస్కు చెడ్డదేం కాదు. మంచి డిస్కు కావాలి, అంతే.

రంగులోనే ఉంది కిటుకంతా

బజార్లో కొన్న సినిమా డీవీడీకీ, ఇంట్లో రాసుకున్న డీవీడీకీ పైకి పెద్ద తేడా కనిపించదు. లోపల మాత్రం రెండూ వేరు వేరు జాతులు. సినిమా డీవీడీని ఫ్యాక్టరీలో అచ్చుపోస్తారు. సమాచారమంతా ప్లాస్టిక్‌లోనే గుంటలుగా పడి ఉంటుంది. అచ్చుపోసిన గుంట ఎండకు వెలిసిపోదు.

ఇంట్లో రాసుకునేది అలా కాదు. ఒక్కొక్కటి 0.6 మిల్లీమీటర్ల మందమున్న రెండు పాలీకార్బొనేట్ బిళ్లల్ని జిగురుతో అతికిస్తే ఒక డీవీడీ అవుతుంది. ఆ రెంటి మధ్యా పల్చటి రంగు పూత, దాని వెనక అద్దంలా మెరిసే లోహపు పొర. రైటర్లోని ఎర్రటి లేజర్ కిరణం ఆ రంగును చుక్కలు చుక్కలుగా మాడుస్తూ పోతుంది. మాడిన చోటు ఒక అర్థం, మాడని చోటు ఇంకో అర్థం. లోపలి అంచు దగ్గర మొదలై చుట్టలు చుట్టుకుంటూ బయటికి వచ్చే ఆ దారిని సాగదీస్తే దాదాపు 12 కిలోమీటర్ల పొడవు. గజపతినగరంలో బయల్దేరి విజయనగరం వెళ్లే దారిలో ఇంచుమించు సగం దాకా వచ్చేయొచ్చు!

అంటే మీ పెళ్లి వీడియో నిలిచి ఉన్నది బట్టలకు వేసే అద్దకం లాంటి ఒక రసాయనం మీద. మంచి రంగైతే నిలుస్తుంది, నాసిరకమైతే వెలిసిపోతుంది. చీర కొనేటప్పుడు 'రంగు పోతుందా?' అని పదిసార్లు అడిగే మనం, డిస్కు కొనేటప్పుడు ఆ మాటే అడగలేదు.

ఆ రంగుకు ముగ్గురు శత్రువులు. ఎండ, వేడి, తేమ. డిస్కుల సంరక్షణ మీద 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ 'నిస్ట్' ఒక మార్గదర్శి వెలువరించింది. డిస్కులను 4 నుంచి 20 డిగ్రీల చల్లదనంలో, 20 నుంచి 50 శాతం తేమలో ఉంచమంది. మన దగ్గర వైశాఖమాసపు మధ్యాహ్నాలు, సముద్రం మీంచి వచ్చే ఉక్కపోత గాలులు తెలిసినవారికి ఇది చదివితే నవ్వొస్తుంది. ఏసీ గదిలోనూ కుదరని లెక్కది. కాబట్టి చల్లని దేశాల్లో ముప్ఫై ఏళ్లుండే డిస్కు ఇక్కడా అన్నేళ్లూ ఉంటుందని ధీమా పడటానికి లేదు. పురాతన వస్తువుల సంరక్షణ చూసే కెనడా ప్రభుత్వ సంస్థ అంచనా ప్రకారం మామూలు డీవీడీ మైనస్ ఆర్ డిస్కు ఆయుష్షు 10 నుంచి 20 ఏళ్లు. 2005లో రాయించుకున్న డిస్కుకు ఇప్పుడు వయసెంతో లెక్కేసుకోండి మరి.

ఇంకో చిక్కుంది. క్యాసెట్ పాడవుతుంటే ముందే తెలిసేది. బొమ్మ మీద చారలు పడేవి, రంగులు పాలిపోయేవి. డీవీడీ అలా చెప్పి పాడవదు. చిన్న చిన్న లోపాలను ప్లేయరు తనంతట తానే దిద్దుకునేలా డిస్కులో అదనపు లెక్కలు రాసి ఉంటాయి. రంగు నెమ్మదిగా చెడుతున్నా ఆ లెక్కలు కప్పిపుచ్చుతూ వస్తాయి. తెర మీద బొమ్మ మొదటిరోజులాగే తళతళలాడుతుంటుంది. ఒకరోజు లోపాలు దిద్దుబాటు శక్తిని దాటిపోతాయి. ఆ రోజు బొమ్మ మసకబారదు... ఏకంగా ఆగిపోతుంది.

ఆగడం కూడా సాధారణంగా చివర్లోనే ఆగుతుంది. రాత లోపలి నుంచి బయటికి సాగుతుంది కాబట్టి వీడియో చివరి భాగం డిస్కు వెలుపలి అంచు దగ్గర పడుతుంది. తయారీలో రంగును తిరుగుతున్న బిళ్ల మీద పోసి పరుస్తారు. అంచుల దగ్గర పూత సమంగా రాకపోవడం నాసిరకం డిస్కుల్లో మామూలే. అతుకు సరిగా లేకపోతే తేమ చొరబడేదీ అంచునుంచే. పైపెచ్చు రైటర్ అత్యధిక వేగంతో రాసేది కూడా అక్కడే. ఇన్ని గండాలూ కలిసి వచ్చి పడేది ఎక్కడంటే... అప్పగింతల మీద!

అట్ట మీద ఒక పేరు, లోపల ఇంకొకరు

'మంచి కంపెనీ డిస్కే కొన్నామండీ' అంటారు చాలామంది. ఇక్కడే తికమక. డిస్కు మీద అచ్చయిన పేరు అమ్మేవాళ్లది. తయారుచేసినవాళ్లు వేరే అయ్యుండొచ్చు. పేరున్న బ్రాండ్లలో చాలావాటికి సొంత ఫ్యాక్టరీలే లేవు. ఈ నెల తైవాన్‌లోని ఒక ఫ్యాక్టరీ దగ్గర, వచ్చే నెల ఇంకో దేశంలోని మరో ఫ్యాక్టరీ దగ్గర కొని, తమ పేరు అచ్చేసుకునేవి. అట్ట అదే, ధర అదే, లోపలి రంగు మాత్రం వేరు. పోయినసారి బాగా పనిచేసిందని అదే పేరుతో మళ్లీ కొని దెబ్బతిన్నవాళ్లు ఉన్నారంటే కారణం ఇదే.

నిజంగా తయారుచేసేవాళ్లు ప్రపంచం మొత్తం మీద గుప్పెడుమందే. రాసుకునే సీడీని 1988లో లోకానికి పరిచయం చేసిన జపాన్ కంపెనీ తైయో యూడెన్. డిస్కుల పిచ్చి ఉన్నవాళ్లు దాని సరుకును బంగారంలా చూసేవారు. 2015లో ఆ వ్యాపారానికి అది స్వస్తి చెప్పింది. మిత్సుబిషి కెమికల్ వాళ్ల 'వెర్బాటిమ్' డిస్కులు ఏజో అనే రంగుతో మంచి పేరు తెచ్చుకున్నాయి. 2019లో ఆ వ్యాపారాన్ని తైవాన్‌కు చెందిన సీఎంసీ మాగ్నెటిక్స్ కొనేసింది. తైవాన్‌దే మరో పెద్ద కంపెనీ రైటెక్.

మన దేశానికీ ఈ కథలో పెద్ద పాత్రే ఉంది. 1983లో మొదలైన మోజర్‌బేర్ ఇండియా ముందు ఫ్లాపీలు తయారుచేసి, తర్వాత ఖాళీ డిస్కుల్లోకి దిగింది. నోయిడా, గ్రేటర్ నోయిడాల్లోని ఫ్యాక్టరీలతో ప్రపంచంలోని అతిపెద్ద డిస్కు తయారీదారుల్లో ఒకటిగా ఎదిగింది. మన పాఠకులకు ఆ పేరు ఇంకో రకంగానూ గుర్తుండే ఉంటుంది. సినిమా వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మి పైరసీ వాళ్లకే చెమటలు పట్టించింది. కిరాణా కొట్లలో సైతం సబ్బుల పక్కన దాని తెలుగు సినిమాలు వేలాడేవి. పెన్‌డ్రైవ్‌లు, ఇంటర్నెట్ వచ్చి డిస్కులను పక్కకు నెట్టాయి. సోలార్ రంగంలో పెట్టిన పెట్టుబడులూ అచ్చిరాలేదు. చివరికి 2018లో కంపెనీ మూతకు ట్రిబ్యునల్ ఆదేశాలిచ్చింది.

ఈ చరిత్రంతా ఎందుకంటే... కొనేవాడికి దీనితో పనుంది. రాయని డిస్కు కూడా డబ్బాలో ఉన్నచోటే ముసలిదవుతుంది. ఖాళీ డిస్కు అల్మరా ఆయుష్షు 5 నుంచి 10 ఏళ్లన్నది పరిశ్రమ వేసుకున్న అంచనా. చిన్న ఊళ్ల షాపుల్లో పై అటకమీంచి దింపి 'ఆఖరి డబ్బా సార్, మంచి కంపెనీ' అని ఇచ్చే సరుకు ఏ సంవత్సరందో అడగాలి. మూతపడ్డ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన డిస్కు ఎంత మంచిదైనా ఇప్పటికే సగం ఆయుష్షు తీరి ఉంటుంది.

డిస్కు జాతకం చూడండి

తయారీదారు ఎవరో తెలుసుకునే దారి ఒకటుంది. ప్రతి ఖాళీ డిస్కులోనూ ఫ్యాక్టరీలోనే ముద్రించిన ఒక కోడ్ ఉంటుంది. రైటర్ ముందు దాన్ని చదివి, ఏ రంగుకు ఎంత వేడి ఇవ్వాలో చూసుకునే రాయడం మొదలెడుతుంది. ఇమ్‌గ్‌బర్న్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో డిస్కు పెట్టి చూస్తే మనకూ కనిపిస్తుంది. ఎంసీసీ అని మొదలైతే మిత్సుబిషి సాంకేతికత, టీవైజీ అయితే తైయో యూడెన్, సీఎంసీ మ్యాగ్ అంటే సీఎంసీ, రైటెక్ అంటే రైటెక్, ఎంబీఐ అంటే మోజర్‌బేర్. ఆధార్ నంబరు లాంటిదన్నమాట. అయితే దొంగ ఆధార్‌లున్నట్టే దొంగ కోడ్‌లూ ఉన్నాయి. పేరున్న తయారీదారు కోడ్‌ను కాపీ కొట్టి నాసిరకం డిస్కుల్లో ముద్రించిన ఘటనలు బోలెడు. కాబట్టి కోడ్ చూసి ఊరుకోకూడదు, రాసి చూడాలి.

అడుగుభాగం రంగు చూసి మంచిచెడులు చెప్పేస్తామనేవాళ్లను మాత్రం నమ్మకండి. సీడీల కాలంలో ఆకుపచ్చ, నీలం, బంగారం అని కొంత పోల్చుకోవడానికి వీలుండేది. డీవీడీలన్నీ ఊదా రంగు ఛాయల్లోనే ఉంటాయి. కంటితో చూడాల్సినవి వేరే ఉన్నాయి. వెలుతురుకు వాల్చి చూస్తే అడుగుభాగం అద్దంలా ఏకరీతిగా ఉండాలి. మబ్బు మచ్చలు, అంచున పాలిపోయిన వలయం, జిగురు బయటికి ఉబికిన గుర్తులు కనిపిస్తే ఆ డబ్బా తిరిగి ఇచ్చేయడమే మేలు.

ఇక కొనడం. ఒకేసారి వంద డిస్కుల స్పిండిల్ చవగ్గా వస్తోందని ఎగబడొద్దు. ముందు పది. పేరూ ఊరూ లేని తెల్ల డిస్కులు, కాగితం కవర్లలో విడివిడిగా అమ్మేవి, షాపులో నలుగురి వేళ్లూ పడినవి... పాటల కోసమైతే సరే, పెళ్లి వీడియో కోసం వద్దు. సీలు విప్పని డబ్బా తీసుకోండి. మళ్లీ మళ్లీ చెరిపి రాసుకునే ఆర్‌డబ్ల్యూ డిస్కులు దాచుకోవడానికి పనికొచ్చేవి కావు. రెండు పొరల 8.5 జీబీ డిస్కులు ఊరిస్తాయి గానీ, లోపాలు ఎక్కువగా వచ్చేది వాటిలోనే. ఒక్క పొర ఉన్న 4.7 జీబీ డిస్కే నమ్మదగ్గది. ప్లస్సా, మైనస్సా అన్న మీమాంస ఒకప్పుడు పెద్దదే. పాత ప్లేయర్లు కొన్ని మైనస్‌నే ఇష్టపడేవి. ఇప్పటి రైటర్లకు రెండూ ఒకటే. ఇందాకటి కెనడా సంస్థ మాత్రం ప్లస్ ఆర్ డిస్కులకు 20 నుంచి 50 ఏళ్లిచ్చింది. దాచుకోవడానికే అయితే ప్లస్ వైపే మొగ్గడం మంచిది.

ఈ రంగుల గొడవే వద్దనుకునేవారికి ఎం-డిస్క్ ఉంది. ఇందులో మామూలు రంగు ఉండదు. రాయిలాంటి ఖనిజపు పొర మీద లేజర్‌తో చెక్కుతుంది. దీనికి తగ్గ రైటర్ కావాలి, ధరా ఎక్కువే. వెయ్యేళ్లు ఉంటుందన్నది కంపెనీ మాట. తాళ్లపాక వారు సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించారు కాబట్టే అవి శతాబ్దాల పాటు తిరుమల భాండాగారంలో నిలిచాయి. నిజమే. కానీ రాగిరేకు చదవడానికి కళ్లు చాలు. డిస్కు చదవడానికి ప్లేయరు కావాలి! వెయ్యేళ్ల మాట దేవుడెరుగు, ఇప్పటి ల్యాప్‌టాప్‌లలోనే డిస్కు పెట్టే చోటు లేదు. సోనీ అంతటి కంపెనీ 2025 ఫిబ్రవరితో రాసుకునే బ్లూరే డిస్కుల తయారీకి స్వస్తి పలికింది.

నిదానమే ప్రధానం... మరీ నిదానం కాదు

మంచి డిస్కు తెచ్చి చెడగొట్టుకునేవాళ్లూ తక్కువేం కాదు. డిస్కు మీద 16ఎక్స్ అని ఉంటుంది. ఆ వేగంతో రాస్తే ఐదారు నిమిషాల్లో అయిపోతుంది. పెళ్లిళ్ల సీజన్‌లో స్టూడియోలు అంతకన్నా ఆగలేకపోయేవి మరి. ఇంట్లో మనకేం తొందర? 8ఎక్స్‌లో పెడితే మరో మూడు నిమిషాలు పడుతుంది, రాత చివరిదాకా కుదురుగా వస్తుంది. అలాగని ఎంత నెమ్మదైతే అంత మంచిదనుకుని 1ఎక్స్, 2ఎక్స్‌లకు దిగక్కర్లేదు. 16ఎక్స్ డిస్కుల రంగును ఆ నత్తనడక కోసం తయారుచేయలేదు.

అంచు దాకా నింపకండి. 4.7 జీబీ అని రాసున్నా కంప్యూటర్ లెక్కలో అది 4.37 జీబీలే. అందులోనూ నాలుగు దగ్గర ఆపేస్తే వెలుపలి అంచు ఖాళీగా ఉండిపోతుంది. గండమున్న చోట మన సామాను పెట్టకపోవడమన్నమాట. మామూలు నాణ్యతతో ఒక డిస్కులో రెండు గంటల వీడియో పడుతుంది. మూడున్నర గంటల పెళ్లిని ఒక్క డిస్కులో కుక్కించుకుని 'డిస్కు ఆదా' అనుకున్నవాళ్లు బొమ్మ నాణ్యతనూ పోగొట్టుకున్నారు, అప్పగింతలనూ అంచుకు నెట్టారు. రెండు డిస్కులు వాడండి. హ్యాండీక్యామ్‌లో వాడిన చిన్న 8 సెంటీమీటర్ల డిస్కులు ఉంటే వాటిని ఫైనలైజ్ చేశారో లేదో చూసుకోండి. చేయకపోతే అవి ఆ క్యామెరాలో తప్ప ఇంకెక్కడా ఆడవు.

రాయడం అయ్యాక వెరిఫై అన్న గడిలో టిక్కు పెట్టడానికి చాలామందికి బద్ధకం. ఇంకో ఐదారు నిమిషాలు పట్టే ఈ పనిలో, రాసిందాన్ని అసలుతో అక్షరమక్షరం సరిచూస్తుంది కంప్యూటర్. దీన్ని వదలొద్దు. ఓపికున్నవాళ్లు నీరో డిస్క్‌స్పీడ్‌తో లోపాల లెక్క కూడా తీయొచ్చు. అన్ని డ్రైవులూ ఈ లెక్క చెప్పవు. చెబితే, పీఐ అనే గీత 280 దాటకూడదన్నది డీవీడీ ప్రమాణం. మంచి డిస్కుల్లో అది యాభై లోపే ఉండటం మామూలు. తెచ్చిన పదిలో ఒక డిస్కును బలి ఇవ్వడానికి సిద్ధపడితే ఇంకో పరీక్షుంది. రాసిన డిస్కును అడుగుభాగం పైకి ఉండేలా కిటికీ దగ్గర ఎండలో నెల రోజులు పెట్టి, మళ్లీ చదివించండి. జతలో రెండోది చీకట్లో ఉంచండి. ప్రయోగశాల పరీక్షేం కాదుగానీ, రంగు వెలిసే సరుకైతే గుట్టు బయటపడుతుంది.

రాసినదాన్ని మీద పేరు రాయడంలోనూ జాగ్రత్త ఉంది. బాల్‌పెన్ వద్దు. కాగితం లేబుల్ అసలే వద్దు. వధూవరుల ఫొటోతో గుండ్రటి స్టిక్కర్ అంటించడం ఒకప్పుడు స్టూడియోల ఫ్యాషన్. అది ఉక్కకు ఉబ్బుతుంది, వేగంగా తిరిగేటప్పుడు తూకం తప్పిస్తుంది. నీటి ఆధారిత సిరా ఉన్న మెత్తటి మార్కర్‌తో మధ్య గుండ్రం దగ్గర తేదీ, పేరు రాస్తే చాలు. ప్లాస్టిక్ జేబుల ఆల్బమ్‌లో కుక్కడం కన్నా గట్టి కేసులో నిలువుగా నిలబెట్టడం మేలు. కేసులోంచి తీసేటప్పుడు విల్లులా వంచితే అతుకు వదులవుతుంది. మధ్య బొడిపె నొక్కి తీయాలి. బీరువా మంచిదే. డాబా కింది పై అర కాదు, కింది అర. టీవీ మీద, సెట్‌టాప్ బాక్సు మీద వేడికి వదిలేయడం వద్దే వద్దు.

ఎంత మంచి డిస్కైనా ఒక్కటే ఉంటే లేనట్టే. రెండు రాయండి. వీలైతే రెండు వేర్వేరు తయారీదారులవి. ఒకటి గజపతినగరం ఇంట్లో ఉంటే రెండోది విశాఖలోనో హైదరాబాదులోనో ఉన్న పిల్లల ఇంట్లో ఉండాలి. మూడో కాపీ హార్డ్‌డిస్కులో.

ఉన్నవాటిని ఒడ్డెక్కించండి

కొత్త డిస్కు కొనే ముందు పాత గుట్టను కిందికి దింపాల్సిన పని ఉంది. ఇంట్లో కంప్యూటర్ లేకపోతే యూఎస్‌బీ రైటర్ ఉన్నవాళ్ల దగ్గర ఒక ఆదివారం పూట కూర్చుంటే చాలు. డిస్కు పెడితే వీడియో టీఎస్ అనే ఫోల్డర్ కనిపిస్తుంది. దాన్ని ఉన్నది ఉన్నట్టుగా హార్డ్‌డిస్కులోకి కాపీ చేసుకోవాలి. చూడటానికి వీఎల్‌సీ ప్లేయర్ ఉచితంగా దొరుకుతుంది. కాపీ చివరికి వచ్చేసరికి డ్రైవు మూలుగుతూ నెమ్మదిస్తుంటే అది హెచ్చరిక. ఆ డిస్కును పక్కన పెట్టి, 'తర్వాత చూద్దాం' అనకండి. ఆ రోజే కాపీ చేసుకోవాలి.

మధ్యలో ఆగిపోయిందా? ఆశ వదులుకోవద్దు. మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి, గుండ్రంగా కాదు. టూత్‌పేస్టు గీతలను అరగదీస్తుందేమోగానీ వెలిసిన రంగును తెచ్చిపెట్టదు, పైగా కొత్త గీతలు పెడుతుంది. వేరే కంప్యూటర్లో, వేరే డ్రైవులో పెట్టి చూడండి. ఒక డ్రైవు చదవలేనిదాన్ని ఇంకోటి చదవడం ఈ లోకంలో రోజూ జరిగేదే. పదేళ్ల కిందటి పెద్ద డెస్క్‌టాప్ డ్రైవులు సన్నటి ల్యాప్‌టాప్ డ్రైవుల కన్నా ఓపిగ్గా చదవడమూ ఉంది. ఐసోబస్టర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లు చదవలేని చోటును వదిలేసి మిగతాదంతా లాగుతాయి. ఒక డ్రైవులో కొంత, ఇంకో డ్రైవులో కొంత తెచ్చుకుని అతికించుకోవచ్చు. అప్పటికీ కుదరకపోతే, ఆ పెళ్లికి కాపీ ఇంకెవరికి ఇచ్చారో గుర్తుచేసుకోండి. వియ్యాలవారి ఇల్లు, గల్ఫు వెళ్లిన తమ్ముడి పెట్టె, పెళ్లి తీసిన స్టూడియో... ఏదో ఒక చోట ఇంకో డిస్కు ఉండొచ్చు. క్యాసెట్‌ను పారేయకుండా అటక మీద వేసిన ఇంటివాళ్లయితే అదృష్టవంతులే.

పరీక్షకు కూర్చున్నప్పుడు సన్నాయి దగ్గర్నుంచి మొదలెట్టి మూడు గంటలు చూడక్కర్లేదు. మొదటి భాగం ఎలాగూ ఆడుతుంది. రిమోట్ తీసుకుని నేరుగా ఆఖరి పది నిమిషాలకు వెళ్లండి.